గొడుగు రాజూ, సగం పద్యమూ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి కొలువులో కూర్చున్నా గొడుగు పట్టాల్సిందే. పేరు శూరమార్తాండుడు. ఆయనకు పైకప్పు మీద నమ్మకం లేదో, మనుషుల మీదే లేదో! ఎవరైనా దగ్గితే సైగ అనుకునేవాడు. దగ్గకపోతే, ఎందుకు ఆపుకుంటున్నారని అనుమానించేవాడు.

ఒకనాడు మాచమ్మ అనే గాయని సభలో తంబురా మీటి పద్యం ఎత్తుకుంది.

"గొడుగు నీడనె యుండు గొప్ప రాజొకడు
ఎండన్న దెరుగక యేలె లోకమును..."

"ఆపు!" రాజు లేచాడు. గొడుగూ లేచింది. "ఇది నా మీదే! ఎవరు రాసిచ్చారు?"

"పాత పద్యం ప్రభూ. మా గురువుగారు నేర్పారు. ఎవరిదో ఆయనకీ తెలీదు."

"పాతదైతే నా గొడుగు సంగతి దానికెలా తెలుసు? ఈమెను పొలిమేర దాటించండి!"

మాచమ్మ తంబురా మీటడం ఆపింది. రాణివాసపు తెర వెనక వక్కలపెట్టె మాత్రం టకటకమంటూనే ఉంది.

కొలువులో మాటకారిగా పేరుపడ్డ సింగసాని లేచింది.

"ఒక్కర్తినే వెళ్ళగొడితే ఎలా ప్రభూ? కుట్రన్నాక తోడుదొంగలుంటారు. ఆమె పాడింది సగమే. మిగతా సగం ఎవరికి తెలుసో వాళ్ళే కదా దొంగలు?"

రాజు కళ్ళు మెరిశాయి. "భేష్! వాళ్ళూ ఆమెతోపాటే పోవాలి."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే. నా ఆన!"

"అయితే మాచమ్మా, కచేరీ వరస వదిలెయ్. జోలపాటలా పాడి, అక్కడే ఆపెయ్."

మాచమ్మ పాడింది. ఆపింది. తెర వెనక నుంచి వణికే గొంతు అందుకుంది.

"గొడుగు గాలికి బోవ గొల్లున నేడ్చి
అమ్మ కొంగున దాగె నల్లరి రాజు!"

తెర తొలిగింది. రాజమాత!

"సగంలో ఆపేస్తావేమే పిల్లా? ఇది పాడితేగానీ వీడు కన్ను మూసేవాడు కాదు. వీళ్ళ నాన్నకూ మా అత్తగారు ఇదే పాడేవారట."

సింగసాని వినయంగా చేతులు కట్టుకుంది. "పొలిమేర దాటించడానికి పల్లకీ ఒకటి చాలునా ప్రభూ, రెండు తెప్పించమంటారా?"

రాజు తల్లికేసి చూశాడు. గొడుగుకేసి చూశాడు. అనుమానం ఇంకా చావలేదు.

"అమ్మకు తెలుసని నీకెవరు చెప్పారు?"

"వక్కలపెట్టె ప్రభూ. మీరు పాట ఆపించినా దాని మీద జోలపాట తాళం ఆగలేదు."

రాజు పకపకా నవ్వాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి సింగసానికిచ్చాడు. పోయి తల్లి పక్కన కూర్చుని, "మాచమ్మా, మొదటి నుంచీ పాడు" అన్నాడు.

గొడుగు పట్టే మనిషికి ఆ పూట సెలవు దొరికింది.