సమదర్శిగారి కుక్కలు

ఒకానొక రాజ్యం. దాని పేరు సింగనగరి. ఇప్పుడు వెతికితే దొరకదు. నేను ఆ ఆస్థానం వదిలి వచ్చేశాక అక్కడ చెప్పుకోవడానికి ఏం మిగిలిందని!

అవును, ఆ ఆస్థానంలో మాటకారి సూరపరాజును నేనే. నేనొక్క చమత్కారం విసిరితే సభలో స్తంభాలు సైతం కడుపు పట్టుకునేవి. పొరుగురాజు నా నవ్వుకు జడిసి కోటతలుపులు మూయించుకునేవాడు. నమ్మితే నమ్మండి.

మా రాజు విక్రమసింగ భూపతికి రెండే పిచ్చులు. ఒకటి బిరుదులు, రెండోది కుక్కలు.

కుక్కల్లో బాణం అనే వేటకుక్క ఉండేది. బక్క పొట్ట, సన్నని చర్మం, గాలితో పందెం కాసే కాళ్ళు. మేఘం అనే మంచుకొండల కుక్క ఉండేది. దాని బొచ్చులో చెయ్యి పెడితే మోచేతి దాకా కనపడేది కాదు. వీధిలో దొరికిన రాయుడున్నాడు. వాడికి ఎండైనా వానైనా ఒకటే, ఎముక దొరికితే పండగే.

ఇక చిట్టెమ్మ. ఓడవర్తకుడొకడు కానుకగా ఇచ్చిన చప్పిడి ముక్కు బుల్లి కుక్క. ముఖమంతా మడతలు. ఊపిరి తీస్తే కొలిమితిత్తి చప్పుడు. కొలువున్నంతసేపూ రాజుగారి ఒళ్ళోనే పడుకుని గురక పెట్టేది. నేను చమత్కారం వేస్తే రాజు ముందు ఒళ్ళోకి చూసుకునేవాడు. చిట్టెమ్మ లేవలేదని తెలిశాకే నవ్వేవాడు, అదీ పెదవులు బిగబట్టి.

ఇలా ఉండగా ప్రధాని గోపభట్టుగారు రాజుకు 'సమదర్శి' అని కొత్త బిరుదు తగిలించారు. గోపభట్టుగారంటే మనిషి కాదు, మెడ లేని ధాన్యపు గాదె. ఆయన కూర్చుంటే ఆసనం మూలిగేది.

"మహాప్రభూ, తమ ధర్మం మనుషులకే ఎందుకు? కుక్కలకూ ఒకే కూడు, ఒకే పడక, ఒకే పరుగు ఉండాలి. అప్పుడు గదా సమదర్శి!" అన్నారాయన.

రాజు పొంగిపోయాడు. శాసనం చెక్కించాడు. అన్నిటికీ నెయ్యన్నం, మాంసం. అన్నిటికీ రాతినేల మీదే పడక. మిట్టమధ్యాహ్నం అన్నీ కోటచుట్టూ పరుగెత్తాలి. ఒకదానికి చేసిన ఉపచారం అన్నిటికీ చేయాలి, లేదా దేనికీ చేయకూడదు.

ఆ సమయానికి నేను ఊళ్ళో లేను. పొరుగుదేశంలో పండితుల గుంపునొకదాన్ని ఒంటి చేత్తో, అదీ ఎడమ చేత్తో, ఓడిస్తూ ఉన్నాను. పల్లకీ నిండా సన్మానాలతో తిరిగొచ్చి కొలువులో అడుగుపెడితే రాజుగారి ఒళ్ళు ఖాళీగా ఉంది.

"చిట్టెమ్మ ఏది ప్రభూ?"

గోపభట్టుగారే గొంతు సవరించుకున్నారు. "పరుగులో పడి చచ్చిపోయిందయ్యా. మిగతావి చావలేదే? ఇదొక్కటే ఎందుకు చచ్చింది? కుక్కల కాపరి ఓబన్న విషం పెట్టాడు. రేపు సాయంత్రం వాడి తల తీస్తాం."

చెరసాలకు పరుగెత్తాను. ఓబన్న గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"నేనెందుకు పెడతాను సామీ విషం? దాని మూతి మడతల్లో చెమ్మ చేరి పుండు పడేది. రోజూ గుడ్డతో తుడిచేవాణ్ణి. మిగతావాటికి లేని తుడుపు దీనికెందుకని ప్రధానిగారి మనుషులు గుడ్డ లాక్కున్నారు. ఆ రోజు రాజుగారే ఒళ్ళోంచి దింపి ఎండలోకి వదిలారు. నాలుగడుగులు వేసి ఆయన వైపు తిరిగి చూసింది సామీ. ఆ చూపే..." అని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

కుక్కలశాలకు వెళ్ళాను. మేఘం నాలుక వేలాడేసి రొప్పుతోంది, దువ్వెన పడని బొచ్చు ఉండలు కట్టింది. బాణం మోచేతులు రాతినేలకు ఒరుసుకుని పచ్చిపుండ్లు. రాయుడొక్కడే నెయ్యన్నంతో బలిసి తోక ఊపాడు.

మర్నాడు పొద్దున కొలువులో సాష్టాంగపడ్డాను.

"సమదర్శీ! ఇంత గొప్ప ధర్మం కుక్కలపాలైతే మేమేం పాపం చేశాం? కొలువువాళ్ళకూ దాన్ని ప్రసాదించండి. ఒకే నెయ్యన్నం, మేఘానికి బొచ్చున్నట్టే మాకూ ఒకే ఉన్ని కంబళి, ఒకే పరుగు!"

"భేష్!" అన్నాడు రాజు.

గోపభట్టుగారి ముఖం పాలిపోయింది. "అంటే... నేను కూడా..."

"తమరు రాసిన ధర్మమే గదండీ ప్రధానిగారూ! తమరు లేకపోతే దానికి అందమేది?" అన్నాను.

మిట్టమధ్యాహ్నం. నెత్తిన నిప్పుల ఎండ. కడుపు నిండా నెయ్యన్నం, ఒంటి నిండా కంబళి. డోలు మోగింది. నేను ఎలా పరుగెత్తాననుకున్నారు! సేనాని గుర్రం నన్ను చూసి సిగ్గుతో గడ్డి మానేసింది. కోట చుట్టి వచ్చి చూస్తే గోపభట్టుగారు తూర్పు బురుజు దగ్గరే నేల మీద ఉన్నారు. ముఖం నేరేడు రంగు, గొంతులో కొలిమితిత్తి చప్పుడు.

ఆ చప్పుడు విని రాజు అక్కడే పందిట్లో వేయించుకున్న సింహాసనం మీంచి ఉరికాడు.

"ఆపండి! కంబళి లాగేయండి! నీడలోకి తెండి, తడిగుడ్డ పట్టండి! ఈయన ఒళ్ళేమిటి, సేనాని ఒళ్ళేమిటి? ఇద్దరినీ ఒకేలా పరుగెత్తిస్తారా? బుద్ధుందా?"

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మిగతావాళ్ళకు ఏమీ కాలేదు ప్రభూ. ఈయనొక్కరే పడ్డారు. ఈయనకు విషం పెట్టినవాడెవడో కనుక్కోమంటారా?"

డోలు ఆగిపోయింది. రాజు చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది.

అంతలో గోపభట్టుగారు ఒక కన్ను తెరిచి, "విషమూ లేదు, నీ మొహమూ లేదు. ఎండయ్యా ఎండ! నా ఒళ్ళు దీనికి పనికిరాదు. ఆ ఓబిగాణ్ణి వదిలేయండి, నన్నూ వదిలేయండి!" అన్నారు.

రాజు పక్కున నవ్వాడు. కోటంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆయన తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"దింపుతుంటే నా వేలు పట్టుకుంది సూరపరాజూ. గట్టిగా కాదు, మునిపళ్ళతో. నేనే విడిపించుకున్నాను. బిరుదు కోసం."

ఓబన్న సంకెళ్ళు రాజే స్వయంగా విప్పించాడు. ఆ సాయంత్రమే శాసనం రాయి బోర్లా పడింది. మేఘానికి రోజూ దువ్వెన, చల్లని మండపం, తెల్లవారుజామున షికారు వచ్చాయి. వేసవి రాకముందే కొండకోటకు ప్రయాణం. బాణానికి దూదిపరుపు, పరుగెత్తడానికి బయలు దొరికాయి. రాయుడికి నెయ్యి మాన్పించి ఎముక ఇచ్చారు. ఆ తీర్పు వాడొక్కడికే నచ్చలేదు, రాత్రంతా మొరిగి అప్పీలు చేసుకున్నాడు.

నాకు బంగారు కంకణం తొడిగారు. దాని బరువుకు ఇప్పటికీ నా కుడిభుజం కిందికి వంగి ఉంటుంది, కావాలంటే చూసుకోండి.

ఆ తర్వాత నేను ఎన్ని చమత్కారాలు వేశానో! రాజు అన్నిటికీ నవ్వాడు. నవ్వొచ్చిన ప్రతిసారీ ముందు ఖాళీ ఒళ్ళోకి చూసుకునేవాడు. నిద్ర చెడుతుందేమోనన్నట్టు పెదవులు బిగబట్టి, చప్పుడు కాకుండా నవ్వేవాడు.