తవ్వని గోతిలో నక్క

కొండవాలున ఎలుగులు తేనె ఫ్యాక్టరీ కట్టిస్తున్న రోజులవి. దాని రేకుల కప్పు ఎంత పెద్దదంటే, ఒక్క వానకు దానిమీంచి జారే నీళ్ళు చాలు, దిగువనున్న కుందేళ్ళ బొరియలు మునిగిపోవడానికి. అందుకే అడవికి పెద్ద దిక్కయిన ఏనుగమ్మ ముందే షరతు పెట్టింది: కప్పు నీళ్ళన్నీ భూమిలోకి దిగేలా చుట్టూ ఇంకుడు గుంతలు తవ్వాల్సిందే.

పని పట్టింది జిత్తయ్య నక్క. వానల్లోపు ముగిస్తే రోజూ కుండెడు తేనె ఇస్తామన్నాయి ఎలుగులు. ఆ కుండ అతని కలల్లోకి కూడా వస్తోంది.

"నిలువులోతు తవ్వమంటావా, మామా?" అడిగాడు గంగులు పందికొక్కు.

"పిచ్చోడా, లోపలికి దిగి ఎవడు చూస్తాడు? జానెడు గోకు. చుట్టూ రాళ్ళు పేర్చి, పైన కంకర పరిచెయ్."

"పైన పటారం, లోన లొటారమన్నమాట!"

"నోరు మూసుకుని గోకరా."

ఏనుగమ్మ చూడవచ్చింది. జిత్తయ్య ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"అక్కడే ఆగండి పెద్దమ్మా! అంచులు పచ్చిగా ఉన్నాయి, మీ పాదం పడితే కుంగిపోతాయి."

"అలాగే నాయనా. దూరం నుంచే ముద్దొస్తున్నాయి! మన ఆచారం తెలుసుగా? కట్టినవాడే ముందు కాపురముండాలి. మొదటి వాన వెళ్ళేదాకా కుందేళ్ళు మిట్టమీదుంటాయి. వాటి బొరియలో నువ్వుండు."

"నేనా?"

"లోతుగానే తవ్వావుగా, భయమేముంది?"

కాదంటే గుట్టు రట్టు. జిత్తయ్య ఆకాశంకేసి చూశాడు. రోళ్ళు పగిలే రోహిణి ఎండ. 'వానొచ్చేలోగా గుట్టుగా తవ్వించేస్తే సరి' అనుకుని బొరియలో నడుం వాల్చాడు.

ఆ సాయంత్రమే ఈదురుగాలి లేచింది. కప్పుమీద వాన డప్పు కొట్టింది. గుంతలు గుక్కెడు తాగి, మిగతాదంతా బొరియలోకి కక్కేశాయి. జిత్తయ్య తోకతో సహా కొట్టుకొచ్చి తుమ్మ మొద్దును పట్టుకున్నాడు.

మిట్టమీంచి కుందేళ్ళు తొంగిచూశాయి. "ఏం మామా, ఇంకాయా నీళ్ళు?"

ఏనుగమ్మ తొండంతో అతన్ని పైకి తీసి, నెమ్మదిగా అడిగింది: "ఇప్పుడు దగ్గరికొచ్చి చూడొచ్చా, నాయనా?"

తెల్లారి గుంతలు నిలువులోతు దిగాయి. తవ్వింది జిత్తయ్యే. గట్టుమీద కాళ్ళూపుకుంటూ గంగులు మాత్రం, "ఇంకాస్త లోతు, మామా! ఈసారి దిగి చూసేవాళ్ళున్నారు" అంటూనే ఉన్నాడు. తేనె కుండ కుందేళ్ళ ఇంటికెళ్ళింది.

ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. తవ్వకుండా వదిలేసిన గోతిలో మునగడం ఇంకా సులువు.