అలుగు పగటినిద్ర

ఒకప్పుడు అలుగు ఒంటిమీద ఒక్క పెంకు కూడా ఉండేది కాదు. ఒలిచిన పనసతొనలా నున్నగా, మెత్తగా ఉండేది. అందుకే అడవిలో అందరూ దాన్ని నున్నమ్మ అని పిలిచేవాళ్లు. అలుగు అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు.

నున్నమ్మకు ఒక్కతే కూతురు. పేరు తోకపట్టు. అమ్మ ఎటు వెళ్లినా తోక మొదట్లో ఎక్కి కూర్చుని, గట్టిగా పట్టుకుని, పెళ్లికూతురిలా ఊరేగేది. పెద్ద నల్లమద్ది చెట్టు వేళ్ల మధ్య వాళ్లకో గుంత ఉండేది. అందరిలాగే వాళ్లూ పగలు తిరిగి, పొద్దుగూకగానే అందులో పడుకునేవాళ్లు.

ఇలా ఉండగా ఆ అడవికి చెదలు వచ్చిపడ్డాయి.

చెదలు మహా జాణలు. ఎండపొడ తగిలితే పుట్ట అడుక్కి, ఎవరికీ అందనంత లోతుకి పోయి దాక్కుంటాయి. చీకటి పడగానే బారులు తీరి బయల్దేరతాయి. వేరు దగ్గర దూరి, చెట్టును లోపలినుంచి తినేసి, తెల్లారేలోగా ఏమీ ఎరగనట్టు పుట్టలోకి వెళ్లిపోతాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. గాలి ఒక్కసారి ‘హుష్’ అంటే ఢామ్మని పడిపోతుంది. ఒక్క నెలలో ఏడు చెట్లు అలా పడ్డాయి.

ఆ అడవిలో అందరికంటే పెద్దవాడు కణుజు. చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న ముసలి దుప్పి అన్నమాట. అందరూ కణుజు పెద్దయ్య అనేవాళ్లు. ఆయన ఓ మధ్యాహ్నం అందర్నీ పిలిచి, “చెదల్ని పుట్టలోనే పట్టి తినగలిగే నాలుక ఎవరికుందో చూపించండి” అన్నాడు.

అందరూ నాలుకలు బయటపెట్టారు. ఉడుత నాలుక గోరంత కూడా లేదు. వడ్రంగిపిట్ట నాలుక ఫరవాలేదుగానీ, అది పుట్ట సగందాకా కూడా పోదు. చివరికి నున్నమ్మ సిగ్గుపడుతూ నోరు తెరిచింది. నాలుక బయటికి వచ్చింది. ఇంకా వచ్చింది. వస్తూనే ఉంది.

“అమ్మో, ఇది నాలుకా, తాడా?” అంది ఉడుత.

“నున్నమ్మా, ఈ రోజునుంచి రాత్రి కాపలా నీదే” అన్నాడు కణుజు పెద్దయ్య.

“రాత్రంతానా పెద్దయ్యా? మరి నా నిద్రో?”

“పగలు పడుకో. రాత్రి ఎంతుందో పగలూ అంతేగా ఉంది! ఎప్పుడు పడుకుంటే ఏం?”

నున్నమ్మకు ఆ మాట సబబుగానే తోచింది. సరేనంది.

ఆ రాత్రి తోకపట్టును తోకమీద నిద్రపుచ్చి, గోళ్లతో పుట్ట తవ్వి, నాలుక లోపలికి వదిలింది. బయటికి లాగితే నాలుకనిండా చెదలే! తెల్లారేసరికి పుట్టలో ఓ మూల ఖాళీ. కడుపునిండా తిని, హాయిగా ఆవులించి, గుంతలోకి వచ్చి పడుకుంది. అప్పుడే కళ్లు మూతలు పడుతున్నాయి.

టక్ టక్ టక్ టక్!

పైన కొమ్మమీద వడ్రంగిపిట్ట పనిలోకి దిగాడు.

“వడ్రంగన్నా, కాస్త ఆపవూ?”

“అదేంటమ్మా, పొద్దున్నే పడకేశావు? ఒంట్లో బాలేదా?”

“రాత్రంతా పనిచేశానన్నా.”

“అవునవును! మర్చేపోయాను. పడుకో తల్లీ, పడుకో. నేను మెల్లిగా కొడతాలే.”

టక్... ... టక్... ... టక్...

ఇది ఇంకా ఘోరం. ఒక టక్కు అయ్యాక రెండోది ఎప్పుడు పడుతుందా అని చెవులు కాచుకుని కూర్చున్నాయి. నిద్రపట్టలేదు. ఎలాగో ఒక కునుకు పడేసరికి గుంత అంచునుంచి ఉడుత తల తొంగిచూసింది.

“నున్నక్కా, పడుకున్నావా?”

“పడుకున్నా.”

“అదే, పడుకున్నావో లేదో చూసి పోదామని వచ్చా. పడుకో.”

ఉడుత వెళ్లగానే కౌజుపిట్ట ముసలమ్మ పన్నెండుమంది పిల్లల్ని వెంటేసుకుని అటు వచ్చింది. నున్నమ్మను చూపించి పిల్లలకు బుద్ధులు చెప్పింది. “చూశారా? మిట్టమధ్యాహ్నం పడక! పగటినిద్ర పనికి చేటర్రా!” ఆ తర్వాత నెమలి వచ్చి, ఎండలో పురి విప్పి ఒకటే కేక. ఈలోగా రాత్రంతా తోకమీద పడి నిద్రపోయిన తోకపట్టు లేచి, అమ్మ ముక్కు పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. “అమ్మా, ఎండొచ్చింది! ఆడుకుందాం లే!”

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. నున్నమ్మ చెవుల్లో బురద పెట్టుకుంది. అది ఎండి, చెవులు ఒకటే దురద. వేరే గుంతకు మారింది. ఉడుతకు ఆ గుంత ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి పూటైనా పట్టలేదు. “ఇక్కడున్నావా అక్కా! కంగారుపడి చచ్చాననుకో” అంది. నున్నమ్మ మళ్లీ పాత గుంతకే వచ్చేసింది.

వారం తిరిగేసరికి దాని కళ్లు గురివింద గింజల్లా అయ్యాయి. చెద అనుకుని గులకరాయి మింగింది. కణుజు పెద్దయ్య అనుకుని ఎండిన మోడుకు దణ్ణం పెట్టింది. ఏదన్నా అడిగితే ఒకదానికి ఇంకోటి చెప్పేది. అయినా పొద్దుగూకగానే కాళ్లీడ్చుకుంటూ కాపలాకు పోయేది. తను పోకపోతే ఏ చెట్టు పడుతుందో, ఎవరి గూడు పోతుందో అని దాని భయం.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా. తొమ్మిదోరాత్రి నాలుక పుట్టలో పెట్టింది పెట్టినట్టే నున్నమ్మ నిద్రలోకి జారిపోయింది. చెదలు ముందు బెదిరాయి. తర్వాత ఒకటి ధైర్యం చేసి నాలుక ఎక్కింది. దాని వెనకే ఇంకోటి. ఆ నాలుకే వంతెనగా చెదలన్నీ బయటికి నడిచిపోయాయి. నేరుగా నల్లమద్ది చెట్టు దగ్గరికి పోయాయి.

తెల్లవారుజామున ఫెళఫెళమని చప్పుడు. నున్నమ్మ ఉలిక్కిపడి లేచేసరికి అంత పెద్ద చెట్టూ నేలకూలింది. దాని చిటారుకొమ్మన ఉడుత కాపురం. ఉడుత పిల్లలు ముగ్గురూ ఎగిరి పక్కచెట్టు పట్టుకున్నారు. చిన్నవాడు మాత్రం పట్టుజారి కిందపడ్డాడు. ప్రాణానికేం కాలేదుగానీ కాలు బెణికింది. కుయ్యోమొర్రో అని ఒకటే ఏడుపు.

అందరూ పరిగెత్తుకొచ్చారు.

“కాపలా అని పంపితే కునుకు తీస్తావా?” అన్నాడు వడ్రంగిపిట్ట.

“పగలంతా పడుకునేదే కదా! రాత్రి కూడా పడకేనా?” అంది కౌజుపిట్ట ముసలమ్మ.

నున్నమ్మ ముందు ఉడుత పిల్లవాడి కాలు చూసింది. తర్వాత వీళ్లందరి మొహాలూ చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరిమీదా అలగని నున్నమ్మ ఆరోజు అలిగింది. తోకపట్టును తోకమీదినుంచి తీసి పొట్టకు అదుముకుంది. తల పొట్టలోకి దూర్చింది. తోక తెచ్చి తలమీద కప్పుకుంది. అందరి మధ్యా గుండ్రంగా చుట్టుకుని, కొబ్బరిబొండంలా అక్కడే పడి ఉంది.

“అయ్యో, నున్నమ్మ అలిగిందర్రా!” అని అందరూ గోలపెట్టారు. అలక తీరకపోతే రాత్రికి కాపలా ఎవరు?

ముడుచుకున్న నున్నమ్మకు లోపల ఒక వింత కనబడింది. బయట పొద్దెక్కుతోంది. లోపల చీకటి. అరుపులు ఎక్కడో ఏటి అవతలినుంచి వస్తున్నట్టున్నాయి. పొట్టకు తోకపట్టు ఊపిరి వెచ్చగా తగులుతోంది.

“అమ్మా, ఇక్కడ రాత్రయింది” అంది తోకపట్టు గుసగుసగా. ఆ మాట అంటూనే నిద్రపోయింది.

నున్నమ్మకూ కళ్లు మూసుకుపోయాయి. సరిగ్గా అప్పుడే కౌజుపిట్ట ముసలమ్మ, “ఉందా, పోయిందా?” అంటూ దాని నున్నని వీపుమీద ముక్కుతో ఒక్క పోటు పొడిచింది.

నున్నమ్మ ముక్కు మాత్రం బయటపెట్టింది. “ఉన్నాను పిన్నీ. పెద్దయ్యా, ఒక్క మాట. చెట్టు పడ్డది నావల్లే, కాదనను. కానీ నేను బద్ధకస్తురాల్ని కాదు. ఎనిమిది పగళ్లలో కలిపి ఒక్క రాత్రికి సరిపడా నిద్ర కూడా పోలేదు నేను. నా రాత్రి మీకిచ్చాను. దానికి బదులుగా ఇస్తామన్న పగలు మీరెవ్వరూ నాకివ్వలేదు.”

ఉడుత కుంటుతున్న పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని మెల్లగా అడిగింది. “నేను రోజుకెన్నిసార్లు వచ్చి లేపానక్కా?”

“పదకొండు.”

“నీ మంచి కోరే వచ్చానక్కా.”

“తెలుసు చెల్లీ. మంచి కోరి లేపినా మెలకువ మెలకువే కదా.”

కణుజు పెద్దయ్య తల దించుకున్నాడు. “తప్పు నాది. రాత్రికి బదులు పగలంటే సరిపోయిందనుకున్నాను. పగటికి ఇన్ని నోళ్లున్నాయని ఆలోచించలేదు.” వెంటనే కొమ్ములెత్తి, “ఇకనుంచి పగలు ఎవరూ చప్పుడు చేయొద్దు!” అన్నాడు.

అడవంతా గప్‌చిప్. ఆకు ఒకటి రాలి నేలను తాకేదాకా నిలిచింది ఆ నిశ్శబ్దం. అంతలో ఎక్కడో మబ్బు కనిపించి నెమలి ఆపుకోలేక కేకపెట్టింది. కౌజుపిల్లలు కిచకిచమన్నాయి. “నేను చెట్టు కొట్టకపోతే నా పిల్లలేం తింటారు పెద్దయ్యా?” అన్నాడు వడ్రంగిపిట్ట ఏడుపు ముఖంతో.

నున్నమ్మకు అంత నిద్రమత్తులోనూ నవ్వొచ్చింది. “అడవి నోరు మూయించడం ఎవరి తరం? నా వీపుకో కప్పు వెయ్యండి, చాలు. ముడుచుకుంటే లోపల రాత్రిలాగే ఉంది. పైన కప్పే తక్కువ.”

ఆకులు కప్పారు. గాలికి ఎగిరిపోయాయి. మట్టి మెత్తారు. ఎండకు పగిలి రాలిపోయింది. అప్పుడు నున్నమ్మ చూపు కూలిపోయిన నల్లమద్దిమీద పడింది. దాని బెరడు మొసలివీపులా పెచ్చులు పెచ్చులుగా ఉంటుంది, ఎంతో మందం.

“వడ్రంగన్నా, అవి ఊడదీయగలవా?”

“ఓ, అదెంత పని!”

వడ్రంగిపిట్ట పెచ్చులు ఊడదీసి అంచులు చెక్కాడు. ఉడుత తపసిచెట్టు బంక మోసుకొచ్చింది.

“తోక దగ్గర మొదలుపెట్టన్నా. ఇంటిమీద పెంకులు పేర్చినట్టు ఒకదాని అంచుమీద ఇంకోటి రావాలి. వానొస్తే నీళ్లు జారిపోవాలి” అని నున్నమ్మ ముడుచుకునే చెప్పింది. రెండు వరసలు పూర్తయ్యాక, “ఇటు కొంచెం పక్కకి...” అంది. ఆ మాట పూర్తికాలేదు. లోపలినుంచి గుర్రుగుర్రుమని గురక వినబడింది.

వడ్రంగిపిట్ట దాని చెవి పక్కనే టకటకా కొట్టి మిగతా పెంకులన్నీ బిగించాడు. నున్నమ్మ కదల్లేదు.

“మరి పొట్టవైపో?” అన్నాడు.

“అటొద్దు. అక్కడ పిల్ల పడుకుంది” అంది ఉడుత.

పొట్ట అలాగే వదిలేశారు.

ఆ రాత్రి కాపలా మేమే కాస్తామన్నారు అందరూ. తొలిజాము హుషారుగానే గడిచింది. నడిరేయికి వడ్రంగిపిట్ట కునికి కొమ్మమీదినుంచి దభీమని పడ్డాడు. కణుజు పెద్దయ్య నిలబడే గురకపెట్టాడు. కౌజుపిట్ట ముసలమ్మ తనకు పిల్లలు పన్నెండుమందో, ఇరవైనలుగురో లెక్క తేలక ఏడ్చింది. “ఇలా తొమ్మిది రాత్రులు ఎలా చేసిందే తల్లీ!” అని తెల్లారి ముక్కుమీద వేలేసుకున్నారు.

నున్నమ్మ ఆ పగలూ, ఆ రాత్రీ, మళ్లీ పగలూ నిద్రపోయింది. పొద్దుగూకేవేళ లేచి ఒళ్లు విరుచుకుంటే పెంకులు గలగలమన్నాయి. ఒకటి లాగి చూసింది. రాలేదు. బంక ఒంటికి పట్టేసింది.

“వద్దంటే చెప్పమ్మా, ఒక్కొక్కటే పీకేస్తాను” అన్నాడు వడ్రంగిపిట్ట భయపడుతూ.

“ముట్టుకున్నావంటే చూడు!” అంది నున్నమ్మ. తోకపట్టును తోకమీదికెక్కించుకుని గలగలా పుట్ట దగ్గరికి పోయింది. పుట్టకు కాపలా ఉండే చెదలు కసిగా వచ్చి కరిచాయి. పెంకులు కరిచి వాటి దవడలే విరిగాయి. ఆ రాత్రి ఆ పుట్టలో ఒక్క చెద మిగల్లేదు.

తెల్లారి నున్నమ్మ కొత్త బొరియ తవ్వుకుని పిల్లతో సహా ముడుచుకుంది. ఉడుత పిల్లలు దూరంనుంచి చూసి, “అమ్మా, పెద్దమ్మ అలిగిందా?” అని అడిగారు.

“ఉష్... అలక కాదు, నిద్ర” అంది ఉడుత. కానీ పిల్లలు వింటారా? అలిగిందమ్మ అన్నారు, అలుగమ్మ అన్నారు, చివరికి అలుగు అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. తోకపట్టు పెద్దదై తనకూ పిల్లలు పుడితే, ఆ పిల్లలు మెత్తమెత్తని పెంకులతోనే పుట్టారు.

అప్పటినుంచే అలుగు ఒళ్లంతా పెంకులు, పొట్ట మాత్రం మెత్తన. రాత్రంతా పుట్టలు తవ్వి చెదలు తింటుంది. పగలు బొరియలో పిల్లను పొట్టలో దాచుకుని, బంతిలా చుట్టుకుని నిద్రపోతుంది. ఎవరైనా ముట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది. పొద్దుగూకేదాకా ఎవరు పిలిచినా పలకదు.