ఎడమకు తిరిగిన పూలు

అనగనగా ఒక ఏటిగట్టు ఊరు. ఆ ఊళ్ళో తాయారని ఒక కొత్తకోడలు. ఆ పిల్లకి లేసు పువ్వు అల్లడం ఎవరూ నేర్పలేదు. ఎదురింటావిడ చేతుల్లోంచి దొంగచాటుగా నేర్చేసుకుంది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు, చేతిలో సూదికి కూడా వినపడేలా పైకి అనలేదు. మీకు చెబుతున్నాను గనక కడుపులో దాచుకోండి. హేమా, ఊ అంటున్నావా, దుప్పట్లో కాళ్ళు ఆడిస్తున్నావా? నువ్వు ఊ అనకపోతే నా కథకి నడక రాదు.

ఆ తాయారు ఒక్కచోట కూర్చునే మనిషి కాదు. పొయ్యి మీద అన్నం పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్ళీ కిటికీ దగ్గరికి. అత్త సూరమ్మ విసుక్కునేది, కాలుగాలిన పిల్లిని కాపరానికి తెచ్చుకున్నానని. కిటికీ దగ్గర మాత్రం తాయారు కాసేపు నిలబడేది. ఎందుకంటే ఎదురింటి అరుగు మీద భూషణమ్మ కూర్చుని లేసు పూలు అల్లుతూ ఉండేది. చివర కొక్కెం ఉన్న సన్నటి సూది, ఒక నూలుదారపుండ, అంతే సరంజామా. సున్నా చుట్టూ గొలుసు, గొలుసు చుట్టూ రేకు, రేకు పక్కన రేకు. చూస్తూ చూస్తూండగానే గచ్చకాయంత పువ్వు ఒళ్ళో రాలేది.

అడిగి నేర్చుకోవచ్చు కదా అంటోంది లలిత. అడగచ్చే తల్లీ, మాటలుంటే. ఎప్పుడో భూషణమ్మ గారి దూడ సూరమ్మ ఆరబెట్టిన గుమ్మడి వడియాలు మేసేసింది. ఆ దూడ ఆవైంది, ఆ ఆవు ఈనింది, ఆ ఈనిన దూడా ఆవైంది. రెండిళ్ళ మధ్యా మాటలు మాత్రం కలవలేదు. అందుకని తాయారు కిటికీ చాటునుంచే చూసింది. భూషణమ్మ ఇటు తిరిగి కూర్చునేది, ఈ పిల్ల అటు తిరిగి నిలబడేది. అద్దంలో చూసి బొట్టు పెట్టుకున్నట్టే కదా. ఆవిడ కుడిచెయ్యి ఈ పిల్లకి ఎడమవైపున కనపడేది. అన్నం కుడిచేత్తో తినేదే, ముగ్గు కుడిచేత్తో వేసేదే, సూది మాత్రం ఎడమచేత్తో పట్టింది. అదే పద్ధతనుకుంది. అల్లిన పూలన్నీ పప్పుడబ్బా అడుగున దాచింది.

ఇలా ఉండగా ఆ రాజ్యపు రాజుగారికి మనవరాలు పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ కన్ను మూస్తే ఒట్టు. దాది పాడింది, రాణీగారు పాడింది, రాజుగారు కూడా పాడాడు, పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. కళ్ళకి ఏదైనా ఆనితే పడుకుంటుందని వైద్యుడు చెబితే, ఊయల మీదకి పూలలేసు కప్పు కావాలని రాజుగారు భూషణమ్మకి ఫోను చేయించాడు. ఏమిటే ఆ నవ్వు? రాజుగారికి ఫోనేమిటంటావా? నా కథలో రాజుగారికి ఏనుగూ ఉంది, ఫోనూ ఉంది. అక్కర్లేకపోతే నీ కథలో తీసేసుకో.

అంత కప్పు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు తలా కాసిని పూలు అల్లుతారు, భూషణమ్మ వాటిని అతుకుతుంది. అతుకు పని అందరికీ రాదు. ఆవిడ అయితే పూల వంక చూడను కూడా చూడదు. వచ్చేపోయే వాళ్ళతో కబుర్లు చెబుతూనే ఒక పువ్వు రేకు మొనని ఇంకో పువ్వు మొనలో దూర్చి ముడేసేస్తుంది. అలవాటైన చెయ్యి. అరుగు మీద ఒక బుట్ట పెట్టింది, అల్లినవాళ్ళు అల్లినట్టు వేసిపోండని.

తాయారుకి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. తన పువ్వు కూడా రాజుగారి ఊయల మీద ఊగితే? మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్నప్పుడు పప్పుడబ్బాలో పూలన్నీ కొంగులో మూటకట్టుకెళ్ళి బుట్టలో పోసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

కప్పు తయారైంది, ఊయలకెక్కింది. ఎక్కితే ఏముంది? ఇక్కడొక ముడత, అక్కడొక ముడత, ముసలమ్మ బుగ్గలా ఉంది. నా బుగ్గ కాదు, ఇంకో ముసలమ్మది. దివాన్‌గారు తెలివైనవాడినని అనుకునే మనిషి. ఇస్త్రీ చేయించాడు, ముడత పోలేదు. నీళ్ళు చల్లి బండలు పెట్టించాడు, ముడత పోలేదు. చివరికి గోనెపట్టాలో చుట్టి ఏనుగు చేత తొక్కించాడు. ఏనుగు అడుగు ముద్ర పడింది గానీ ముడత పోలేదు. ఇక వెనక్కి పంపించేశాడు.

భూషణమ్మ కప్పు ఒళ్ళో వేసుకుని తడిమి చూసింది. పూల వంక చూడకుండా అతికే అలవాటాయె, తేడా పూలలో ఉందని ఎలా తెలుస్తుంది ఆవిడకి? పక్కింటివాళ్ళతో ఒక్కమాట అంది. "నా చూపు పోతోందర్రా. పువ్వు మొన ఎక్కడుందో తెలియడం లేదు నాకు." అని సూదిని గూట్లో పెట్టేసి, కప్పుని అరుగు మీద దండెం మీద పడేసి, ఏటవతల చెల్లెలింటికి వెళ్ళిపోయింది. పాలవాడో ఇంకెవరో వస్తే కబురు చెయ్యమని, చెల్లెలింటి ఫోను నంబరు బొగ్గుతో తలుపు పక్క గోడ మీద రాసింది. ఇంతింత అంకెలు.

ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడితే తాయారుకి ఏం కనపడుతుంది? చేతులు లేవు, నంబరుంది.

ఆగలేకపోయింది. వెళ్ళి దండెం మీది కప్పు ఇంటికి తెచ్చుకుని వెలుతురులో పట్టి చూసింది. ఊళ్ళోవాళ్ళ పూల రేకులన్నీ కుడికి వాలి ఉన్నాయి. తనవన్నీ ఎడమకి. ముడత ఎక్కడుంటే అక్కడ తన పువ్వే ఉంది. భూషణమ్మ చెయ్యి అలవాటు చొప్పున కుడివైపు మొన వెతుక్కుంది, అది అక్కడ లేదు, దొరికిన చోట పట్టి లాగి ముడేసింది. కళ్ళదేం పాపం లేదు.

ఒక అతుకు విప్పింది తాయారు. సూది ఎడమచేత్తో పట్టి, అటునుంచి దూర్చి ముడేసింది. ముడత విడిపోయి పువ్వు హాయిగా పరుచుకుంది. ఇంకొకటి విప్పింది, అదీ పరుచుకుంది. ఇంకేముంది, విప్పడం ముడెయ్యడం, విప్పడం ముడెయ్యడం. తన పూల అతుకులన్నీ సరిచేసి, ఎవరూ చూడకుండా మళ్ళీ దండెం మీద వేసొచ్చింది.

ఊరు గుప్పుమంది. మనిషి లేని ఇంట్లో కప్పు దానంతటదే బాగుపడిందంటే దెయ్యం కాక ఎవరు? లేసు దెయ్యం అన్నారు. మంచి దెయ్యం అన్నారు. దివాన్‌గారు భయంభయంగా వచ్చి అరుగు మీద ఒక అరటిపళ్ళ గెల పెట్టి, దణ్ణం పెట్టి, కప్పు పట్టుకుపోయాడు. రాజుగారి మనవరాలు దాని కింద పడుకుని పూలు చూసింది, చూసింది, ఆవులించింది, గుర్రుపెట్టింది. రాజుగారికి నిద్ర, రాణీగారికి నిద్ర, దాదికి నిద్ర, ఏనుక్కి కూడా నిద్ర. అందరూ సుఖంగా ఉన్నారు.

కథ అయిపోయిందనుకుని అటు తిరిగావా హేమా? ఇటు తిరుగు. అందరికీ నిద్రొచ్చింది గానీ తాయారుకి రాలేదు. ఏటవతల ఒక మనిషి తన కళ్ళు పోతున్నాయనుకుంటూ కూర్చుంది. దీపం దగ్గర చెయ్యి పెట్టుకుని వేళ్ళు కనపడుతున్నాయో లేదో చూసుకుంటోందిట. ఏరు దాటి వచ్చిన కూరగాయల మనిషి చెప్పింది. సూది ఇచ్చినా ముట్టుకోవడం లేదట.

తాయారు ఇంట్లో తిరిగింది, పెరట్లో తిరిగింది. కవ్వం తిప్పుతూ తిప్పుతూ వెన్న వచ్చాక కూడా తిప్పింది. ఆ నడకలో తను ఒక్కొక్కదాన్నీ అడుగుతున్నట్టు, అది జవాబు చెబుతున్నట్టు అనిపించింది ఆ పిల్లకి. కప్పూ కప్పూ, ఎందుకు ముడతపడ్డావు? పువ్వు అటు తిరిగింది. పువ్వూ పువ్వూ, ఎందుకు అటు తిరిగావు? సూది ఎడమచేతిలో ఉంది. సూదీ సూదీ, ఎడమచేతికి ఎందుకెక్కావు? కన్ను ఎదురుగా నిలబడి చూసింది. కన్నూ కన్నూ, ఎదురుగా ఎందుకు నిలబడ్డావు? నోరు పక్కన కూర్చోబెట్టమని అడగలేదు. నోరూ నోరూ, ఎందుకు అడగలేదు?



వాళ్ళింట్లో గూట్లో ఒక ఫోనుంది. గోడ మీది నంబరు చూడకుండానే వచ్చేసింది తాయారుకి. అంకెలన్నీ నొక్కేది, చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయేది. పెట్టేసేది. మళ్ళీ నొక్కేది, మళ్ళీ పెట్టేసేది. ఆ కప్పు బాగుచేసింది దెయ్యం కాదని చెబితే, పాడుచేసిందీ తనేనని చెప్పాలి. దొంగచాటుగా నేర్చుకున్నానని చెప్పాలి. అత్తకి తెలిస్తే ఏమవుతుంది? మాటల్లేని ఇంటికి ఫోనా?

అలా ఒకరోజు చివరి అంకె దగ్గర ఆగి నిలబడి ఉంటే, వెనక చింతపండు పిసుకుతున్న సూరమ్మ తల ఎత్తకుండానే అంది.

"ఏడు."

తాయారు వెనక్కి తిరిగి, ఏమిటత్తయ్యా అంది.

"ఆఖరున ఏడే. రోజూ ఆ గోడకేసి చూస్తూనే కదే కూర్చుంటున్నాను. ఎదురుగా తిట్టుకోవడానికి మనిషి లేక ఇంట్లో తోచి చావడం లేదు." చింతపండు పిప్పి పక్కన పడేసింది. "పప్పుడబ్బాలో పూలు నాకు తెలియవనుకున్నావా? రోజూ పప్పు వండేదాన్ని. ముందు నువ్వు మాట్లాడు. తర్వాత నాకియ్యి. వడియాల సంగతి ఇంకా తేలలేదు."

తాయారు చాలాసేపు నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. మాటలు వరసగా కూర్చుకుంది. పిన్నిగారూ, మీ కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ పూలు నావి. ఈసారి మీ పక్కన కూర్చోనివ్వండి. అంతే చెప్పాలి, ఇంకేం కలపకూడదు. చీరకుచ్చెళ్ళు సర్దుకుంది, ఫోనులో ఎవరికో కనపడతానన్నట్టు. ఆ రోజు మొదటిసారి ఆ పిల్ల కాళ్ళు ఒక్కచోట నిలబడ్డాయి. అంకెలన్నీ మళ్ళీ మొదటినుంచి నొక్కడం మొదలెట్టింది, ఈసారి ఏడు కూడా నొక్కుదామనే.

తర్వాత ఏమైందని అడక్కండి. ఎదురింటి అరుగు మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ అల్లుతున్నారని మీరే ఊహించుకోండి. మీరు మాత్రం ఏదైనా నేర్చుకోవాలనుకుంటే కిటికీలోంచి చూడకండర్రా, వెళ్ళి పక్కన కూర్చుని నోరు తెరిచి అడగండి.

కథ దారపుండలోకి, మనం దుప్పట్లోకి. హేమా, ఆ కాళ్ళు.