అచ్చియ్యమ్మకి లోకం చూపించిన కథ

తాటిగూడెంలో గవరయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. అనుమానం ఉంటే గవరయ్య ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు.

గవరయ్య మూడో తరగతి నాలుగేళ్ళు చదివాడు. "మిగతావాళ్ళు ఒక్క ఏడాదిలో పైపైన చదివేసి పోయారు, నేను అడుగంటా చదివాను" అంటాడు. అతని భార్య సన్యాసమ్మకి ముందుచూపు ఎక్కువ. వానకి తడిసిపోతుందని గొడుగుని చాపలో చుట్టి అటక మీద దాచింది. తమ్ముడు పోలయ్యకి ఇంకా పెళ్ళి కాలేదు గానీ ఒంట్లో బలముంది, చెప్పింది చెప్పినట్టే చేస్తాడు. ఈ ముగ్గురికీ పెద్దదిక్కు అచ్చియ్యమ్మ. అన్నదమ్ముల తల్లి పోతే, చిన్నమ్మ అయిన ఈవిడే కూలికెళ్ళి ఇద్దర్నీ ఇంతవాళ్ళని చేసింది. వారం వారం సంతకి పోవడం తప్ప ఇంకో ఊరు ఎరగదు.

ఒక వేసవి చివర అచ్చియ్యమ్మకి జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఆవిడ మంచం దిగలేదు.

"నా పని అయిపోయిందిరా. ఇంక నేను పోతాను" అని గోడవైపు తిరిగి పడుకుంది. గంజి తాగదు, మందు మింగదు. గవరయ్య మంచం కోడు పట్టుకుని ఏడుస్తున్నాడు. పోలయ్య ఇంకో కోడు పట్టుకున్నాడు.

అదే సమయానికి పోస్టుమాన్ భూలోకం ఉత్తరం ఇద్దామని వచ్చాడు. ముసలావిడని చూసి జాలిపడి పక్కన కూర్చున్నాడు.

"అదేంటి మామ్మా అలా అంటావు? ఎప్పుడైనా సముద్రం చూశావా?"

"లేదు నాయనా."

"బొంగరాల గుహ?"

"లేదు."

"ఏనుగుబండ జలపాతం?"

"అదెక్కడుందో కూడా తెలీదు."

"అయ్యయ్యో! ఈ మూడూ చూడకుండా మనిషన్నవాడు చావకూడదు మామ్మా!"

అంతే. అచ్చియ్యమ్మ లేచి కూర్చుంది. "చావకూడదా?"

"చావకూడదు."

"ముందే చెప్పొద్దేట్రా! తెలీక ఈపాటికి చచ్చిపోయుందును. కోడలా, గంజి తే" అంది. రెండు గిన్నెలు తాగింది. మూడోది అడిగింది.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ ప్రయాణం కట్టారు. దారి ఖర్చుకి సన్యాసమ్మ వడ్లు అమ్మింది. భూలోకం వెళ్తూ వెళ్తూ రెండు ముక్కలు చెప్పాడు. "పొద్దున్నే ఏడింటి బస్సు పట్టుకోండి. వదిలారంటే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేదు. ఇంకోమాట, ఆ జలపాతం ఉంది చూశారూ, దాన్ని చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు!"

గవరయ్య చాలాసేపు ఆలోచించాడు. "మనిషికి రెండేగా ఉన్నాయి. మరి చాలకపోతే?"

"కొబ్బరికాయకి మూడు కళ్ళుంటాయి కదేటి" అంది సన్యాసమ్మ.

గవరయ్యకి భార్య తెలివి చూసి ముచ్చటేసింది. పీచు తీసిన కొబ్బరికాయలు రెండు సంచిలో వేసుకున్నారు.

మర్నాడు ఏడింటికి బస్సొచ్చింది. వచ్చీ రాగానే పోలయ్య వెనక నిచ్చెన పట్టుకున్నాడు. గవరయ్య కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ తలుపు కమ్మీ పట్టుకున్నారు.

"ఎక్కండమ్మా, ఎక్కండి!" అన్నాడు కండక్టరు.

"ఎలా ఎక్కుతాం బాబూ? ఎక్కాలంటే చేతులు వదలాలి. వదిలితే మధ్యాహ్నం దాకా లేదంట."

బస్సులోవాళ్ళు అరిచారు. డ్రైవరు హారన్ కొట్టాడు. వీళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. కండక్టరు దణ్ణం పెట్టాడు. "అమ్మా, లోపలికొచ్చి కూడా పట్టుకోవచ్చు!"

ఈ మాట బాగుందనిపించింది. ఆడవాళ్ళు కమ్మీ వదలకుండానే లోపలికి నడిచారు. అన్నదమ్ములు ఒక ఊచ వదిలేలోపు ఇంకో ఊచ పట్టుకుంటూ, బస్సు చుట్టూ పాకుతూ తలుపు దాకా వచ్చారు. లోపల సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి. అయినా నలుగురూ పట్నం దాకా నిలబడి, రెండు చేతులా పైకమ్మీ పట్టుకునే వెళ్ళారు.

"మనం లేకపోతే ఈ బస్సు ఎటు పోయుండేదో!" అన్నాడు గవరయ్య చెమట తుడుచుకుంటూ.

పట్నంలో దిగాక బట్టల మూట బల్ల మీద పెట్టి టీ తాగుదామనుకున్నారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి మంచికే చెప్పాడు. "ఇక్కడ దొంగలెక్కువ. మూట మీద ఓ కన్నేసి ఉంచండి."

"ఒక్క కన్నెందుకూ, మూడేద్దాం" అని గవరయ్య మూట మీద ఒక కొబ్బరికాయ పెట్టాడు. కళ్ళున్న వైపు జనంవైపు తిప్పి, కదలకుండా సర్దాడు. నలుగురూ నిశ్చింతగా వెళ్ళి టీ తాగి వచ్చారు.

వచ్చేసరికి బల్ల మీద కొబ్బరికాయ ఉంది. మూట లేదు.

గవరయ్యకి ఒళ్ళు మండిపోయింది. "మూడు కళ్ళేసుకుని చూస్తూ కూర్చున్నావా? సిగ్గులేదూ?" అని కొబ్బరికాయని చెడామడా తిట్టాడు.

సన్యాసమ్మ అడ్డొచ్చింది. "దాన్నెందుకయ్యా ఆడిపోసుకుంటావు? కళ్ళున్నాయి గానీ నోరు లేదు. పాపం, చూసింది, అరవలేకపోయింది."

గవరయ్య మెత్తబడ్డాడు. కాయ తల నిమిరి సంచిలో పెట్టుకున్నాడు.

అలా కట్టుబట్టలతో సముద్రం ఒడ్డు చేరారు. అక్కడ వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ, "ఈ సముద్రం చూస్తే ఎవరైనా ఒళ్ళు మరిచిపోతారు" అంది. గవరయ్య బెదిరిపోయాడు. ఇంత దూరమొచ్చి ఒళ్ళు ఇక్కడే మరిచిపోయి ఊరెళ్తే ఎంత నవ్వులపాటు! "ఎవరి ఒళ్ళు వాళ్ళు పట్టుకోండి!" అని కేకేశాడు. నలుగురూ చేతులు గుండెలకి అడ్డంగా కట్టుకుని, ఎవర్ని వాళ్ళు కావలించుకుని, ఇసకలో బయల్దేరారు.

ఫొటోలు తీసే అతను ఎదురొచ్చాడు. "చలేస్తోందా బాబాయ్? ఓ ఫొటో తీస్తాను, ఇలా నీళ్ళ దగ్గర నిలబడండి. చేతులు కిందికి. నవ్వండి. ఆఁ, నేను చెప్పేదాకా కదలొద్దు!"

నవ్వారు. ఇంతలో అటువైపు పెళ్ళివారి బస్సొకటి ఆగింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వెనక నలభైమంది చుట్టాలు. ఫొటో అతను కెమెరా ఎత్తుకుని అటు పరిగెత్తాడు. మళ్ళీ రాలేదు.

వీళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నీళ్ళు పాదాల మీదికి వచ్చాయి. మోకాళ్ళకి వచ్చాయి. పోటు మొదలైంది.

"అన్నా, నీళ్ళు నడుం దాకా వచ్చాయి" అన్నాడు పోలయ్య పళ్ళు కనబడేలా నవ్వుతూనే.

"మాట్లాడకు, బొమ్మ చెడిపోద్ది."

అచ్చియ్యమ్మ పొట్టి మనిషి. ఆవిడకి గడ్డం దాకా వచ్చాయి. అయినా నవ్వు ఆపలేదు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు చూసి, లబలబలాడుతూ పరిగెత్తుకొచ్చి లాగారు. వీళ్ళు కాళ్ళు పాతేసుకుని నిలబడ్డారు. "చెప్పలేదు! ఆయన ఇంకా చెప్పలేదు!" అని అరిచారు. చివరికి నలుగుర్నీ నాలుగు దూలాల్లా భుజాలకెత్తుకుని ఒడ్డున దించాల్సి వచ్చింది.

"సముద్రం బాగుందా చిన్నమ్మా?" అని ఆశగా అడిగాడు గవరయ్య.

"ఏమో నాయనా, వీపువైపు ఉంది. నేను చూళ్ళేదు."

అప్పుడు పోలయ్య ఆవిడ భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు. అచ్చియ్యమ్మ చూసింది. ముడతల చెంపల మీంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. సముద్రానివో ఆవిడవో తెలీదు.

"అవతల గట్టు ఏదిరా?" అంది మెల్లగా.

"ఇంకా కట్టలేదు చిన్నమ్మా."

జాలరి ఆడవాళ్ళు పొడిబట్టలిచ్చి, చేపల పులుసుతో అన్నం పెట్టారు. మర్నాడు పొద్దున్నే అడుగుతూ అడుగుతూ బొంగరాల గుహకి చేరారు. అక్కడ లాంతరు పట్టుకుని లోపల చూపించే జోగులనే మనిషి ఉన్నాడు. మలుపులు తిప్పుకుంటూ బాగా లోపలికి తీసుకెళ్ళాడు. రాళ్ళు ఏనుగుల్లా, తోరణాల్లా ఉన్నాయట. ఉన్నాయట అని ఎందుకంటున్నానంటే, జోగులు "అదిగో చూడండి" అనగానే ఎక్కణ్ణుంచో గాలి విసిరికొట్టింది. లాంతరు ఆరిపోయింది.

"అయ్యో, దీపం కొండెక్కింది! మీరు ఇక్కడే ఉండండి, వెలిగించుకొస్తాను" అని జోగులు తడుముకుంటూ వెళ్ళాడు.

చీకట్లో పోలయ్య అన్నాడు. "అన్నా, దీపం మనల్ని వదిలేసి కొండెక్కిందంటే, పైన ఇంకేదో చూడ్డానికే ఎక్కుంటుంది."

"దాని తెలివి మనకి లేకపోయె!" అన్నాడు గవరయ్య.

అంతే. గోడలు పట్టుకుని ఇంకో కంతలోంచి బయటపడ్డారు. పోలయ్య చిన్నమ్మని వీపునేసుకున్నాడు. నలుగురూ ముళ్ళూ రాళ్ళూ తొక్కుకుంటూ కొండెక్కారు. పైన నిలబడి, "దీపమా! ఓ దీపమా!" అని పిలుస్తున్నారు. కింద గుహలో జోగులు లాంతరు పట్టుకుని, "మామ్మా! ఓ మామ్మా!" అని పిలుస్తున్నాడు. రెండు పిలుపులూ కలవలేదు.

కొండమీద పుల్లలేరుకుంటున్న ఆడమనిషి కనిపించింది. "దీపాన్ని నేను చూళ్ళేదు గానీ, ఏనుగుబండ జలపాతం మాత్రం ఆ దిగువనే. ఈ దారి పట్టుకుని పోతే తిన్నగా అక్కడికే."

"పట్టుకోవడం మనకి తెలిసిన పనే" అన్నాడు గవరయ్య. వంగి రెండు చేతులా దారిని పట్టుకున్నాడు. వెనక సన్యాసమ్మ, ఆ వెనక పోలయ్య, అతని వీపు మీద అచ్చియ్యమ్మ. మోకాళ్ళు గీసుకుపోయినా ఎవరూ దారి వదల్లేదు. నీళ్ళ హోరు వినిపిస్తోంది. చల్లటి తుంపర మొహానికి తగిలింది.

ఉన్నట్టుండి సన్యాసమ్మ ఆగిపోయింది. "ఏమయ్యా! రెండు చూసేసింది. ఈ మూడోది కూడా చూసేస్తే అత్త చచ్చిపోవచ్చు కదా!"

గవరయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఇంత తెలివిపెట్టుకుని ఈ సంగతి తోచనేలేదు! ఒక్క అంగలో వెళ్ళి కండువా తీసి చిన్నమ్మ కళ్ళకి కట్టేశాడు. "చిన్నమ్మా, చూడకే! నీకు దణ్ణం పెడతాను. వెనక్కెళ్ళిపోదాం. మాకు నువ్వు తప్ప ఎవరున్నారే?" అని బావురుమన్నాడు. పోలయ్య కూడా ఏడ్చాడు. అతను ఏడిస్తే వీపు మీద అచ్చియ్యమ్మ ఎగిరెగిరి పడుతోంది.

"ఒరే, దింపండ్రా ముందు!" అంది ఆవిడ. దింపారు. "ఇంత దూరం తెచ్చి కళ్ళు మూసుకోమంటారా? డెబ్భై ఏళ్ళూ మూసుకునే ఉన్నాను కదర్రా. పోతే పోతాను, చూసే పోతాను."

కండువా లాగేసింది.

ఎదురుగా కొండంత ఎత్తునించి తెల్లటి నీళ్ళు విరగబడి దూకుతున్నాయి. గవరయ్య వెక్కుతూనే సంచి తీసి చెరో కొబ్బరికాయ పైకెత్తి పట్టమని తమ్ముడికి, భార్యకి ఇచ్చాడు. చివరిసారి చూసేదేదో నిండుగా చూడాలి కదా.

అచ్చియ్యమ్మ కళ్ళార్పకుండా చూసింది. కాసేపయ్యాక అనుమానంగా అడిగింది. "కోడలా, నేను చచ్చానా?"

"మాట్లాడుతున్నావు కదత్తా."

"చచ్చినోళ్ళు మాట్లాడరని నీకెవరు చెప్పారు? నువ్వు చచ్చి చూశావా?"

అప్పుడే వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ వచ్చాడు. అచ్చియ్యమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నాయనా, నేను నీకు కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు మామ్మా. వేళయిపోయింది, గేటు వేసెయ్యాలి, నడు."

"బతికే ఉన్నాన్రా!" అని అచ్చియ్యమ్మ గంతేసింది. అన్నదమ్ములు ఆవిడని ఎత్తుకుని తిప్పారు. నవ్వుకుంటూ గేటు దాటారు. గేటు బయట పెద్ద బోర్డు. గవరయ్య అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. "మ-ళ్ళీ రం-డి."

"చూశావా, ఎంత మర్యాద! పిలిస్తే వెళ్ళకపోతే బాగుంటుందా?" అంది అచ్చియ్యమ్మ.

వెనక్కెళ్ళారు. జలపాతం చూశారు. బయటికొచ్చారు. బోర్డు మళ్ళీ పిలిచింది. మళ్ళీ వెళ్ళారు. అయిదోసారికి వాచ్‌మన్ తల పట్టుకున్నాడు. ఆరోసారికి ఎందుకొస్తున్నారో అడిగి తెలుసుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఏడోసారికి ఆ పాత బోర్డు ఊడబీకి గవరయ్య నెత్తిన పెట్టాడు. "ఎలాగూ కొత్తది వచ్చింది. బాబ్బాబు, దీన్ని పట్టుకుని మీ ఊరెళ్ళిపోండి!"

ఊరంతా చూస్తుండగా బోర్డుతో తాటిగూడెం చేరారు. అంత గౌరవంగా ఇచ్చిందాన్ని మూల పడేస్తారా? గవరయ్య దాన్ని తన ఇంటి దడి తలుపుకి కట్టాడు. ఇంట్లో చదువొచ్చినవాడు తనొక్కడే కాబట్టి, తనకి కనబడేలా ఇంటివైపు తిప్పి కట్టాడు.

రెండ్రోజులకి తొలకరి పడింది. నాగలి భుజానేసుకుని పొలానికి బయల్దేరాడు. దడి దగ్గర ఆగి చదివాడు. "మళ్ళీ రండి."

వెనక్కొచ్చాడు. సన్యాసమ్మ గంజి పోసింది. తాగి బయల్దేరాడు. దడి దగ్గర చదివాడు. వెనక్కొచ్చాడు. ఇంకో గిన్నె గంజి. మధ్యాహ్నానికి పదకొండు గిన్నెలయ్యాయి. పొలానికి పోయేదీ లేదు, నాగలి దించేదీ లేదు. పదును ఆరిపోతోంది. అదను తప్పితే ఏడాది తిండి పోయినట్టే.

అప్పుడు గవరయ్య మూడో తరగతి బుర్రంతా ఉపయోగించాడు. "మనం పొలానికి పోలేకపోతే పొలాన్నే ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదేటి! పోలిగా, నీకు చదువు రాదు, నిన్నెవరూ పిలవరు. గంప పట్టుకో!"

ఇంకేముంది, పోలయ్య గంప పట్టుకున్నాడు. సందెవేళకి వాకిలి నిండా మోకాలెత్తున పొలం పడింది. గవరయ్య ఎడ్లని పూన్చి, హుషారుగా అదిలిస్తూ ఒక చాలు తోలాడు. నాలుగడుగులకే నాగలి వెళ్ళి వంటింటి గోడకి తగిలింది. గవరయ్య నాగల్ని చెడామడా తిట్టాడు.

అరుగు మీద కాళ్ళు చాపుక్కూర్చున్న అచ్చియ్యమ్మ, "నాగల్ని తిడితే ఏం లాభంరా? పొలాన్ని కాస్త ఇటు జరపండి" అంది.

పోలయ్య మళ్ళీ గంప అందుకున్నాడు.