దొరబాబు అలక

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి చివర పాకలో సింగారి అని ఒక పిల్ల. వాళ్ళు పాములవాళ్ళు. సింగారి ఒక జెర్రిపోతుని పెంచుకునేది. దాని పేరు దొరబాబు. భయపడకు నాన్నా, జెర్రిపోతుకి విషం ఉండదు. ఇటు జరుగు.

దొరబాబు ఉండేది ఒక పాత ఈతాకు బుట్టలో. అంచులు ఊడిపోయి, మాసిపోయి ఉండేది. "ఛీ, మా దొరబాబుకి ఇదేం ఇల్లు!" అనుకుంది సింగారి. అప్పుడు రంగురంగుల ఆకులు కలిపి ముచ్చటగా కొత్త బుట్ట అల్లింది. పాతదాన్ని పక్కపాక పైడమ్మవ్వకి ఇచ్చేసింది. అవ్వ అందులో కోడిపెట్టని పొదగేసింది.

ఆ తర్వాత ఏమైందో గానీ, దొరబాబు తిండి మానేశాడు.

సింగారి ఎలుకని పెట్టింది. మూతి తిప్పుకున్నాడు. అప్పుడు గట్టున కప్పని పట్టి తెచ్చింది. తలెత్తి చూడలేదు. ఆ తర్వాత అవ్వని బతిమాలి గుడ్డు తెచ్చింది. గుడ్డుని పక్కకి దొర్లించేసి పడుకున్నాడు. అచ్చం నువ్వు పప్పన్నం ముద్ద తోసేసినట్టే!

దొరబాబు చిక్కి తాడులా అయిపోయాడు. సింగారి వాళ్ళయ్య చూసి చూసి, "ఇక లాభం లేదమ్మా. రేపు అడవిలో వదిలేద్దాం. మన చేతుల్లో పోతే నువ్వు తట్టుకోలేవు" అన్నాడు. సింగారి బుట్టని పక్కన పెట్టుకుని ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. మూత బిగించడం మరిచిపోయింది.

తెల్లారేసరికి బుట్ట ఖాళీ! అంతలో పక్కపాకలోంచి కేకలు. "ఓలమ్మో! నా గుడ్లు, నా గుడ్లు!"

సింగారి పరుగెత్తింది. పెట్ట పాక మీదికెక్కి గోల పెడుతోంది. పాత బుట్టలో దొరబాబు చుట్ట చుట్టుకుని హాయిగా ఉన్నాడు. ఒళ్ళు రెండు చోట్ల ఉబ్బి ఉంది.

"మీ పాము నా గుడ్లు మింగేసిందే!" అంది అవ్వ.

"ఎన్ని మింగాడవ్వా?"

"రెండు!"

"రెండు తిన్నాడా!" అని సింగారి ఎగిరి అవ్వని వాటేసుకుంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి. తిట్టడానికి నోరు తెరిచిన అవ్వ కూడా నవ్వేసింది.

"నేను పెడితే వద్దన్న గుడ్డు ఇక్కడ తిన్నాడంటే, వాడికి ఈ బుట్టే కావాలవ్వా. అయ్యో నా తండ్రీ, నీ ఇల్లు నేనే ఇచ్చేశానా!" అంది సింగారి.

అప్పుడు బుట్టలు మార్చుకున్నారు. మిగిలిన గుడ్ల మీద, ఆ రంగుల బుట్టలో, పెట్ట మహారాణిలా ఎక్కి కూర్చుంది. దొరబాబు మళ్ళీ ఎలుకలు లాగించాడు. అడవి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏదీ, మీ అమ్మ పారేస్తానంటున్న ఆ చిరుగుల బొంత ఇటియ్యి, కప్పుతాను. ఎవరూ పారెయ్యరులే, నేను చెబుతాగా.

పాత బుట్ట పాముకి, కొత్త బుట్ట కోడికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్రకి!