తడిగుడ్డ

గురువుగారిని ప్రశ్న అడిగేముందు ఎండ ఎలా ఉందో చూసుకోవాలని శిష్యులు చెప్పుకునేవారు. ఎవరు ఏం అడిగినా ఆయన "చెప్పులు వేసుకో" అనేవారు. ఆ తర్వాత ఏ రేవుకో, ఏ పొలానికో, ఎవరింటికో నడిపించేవారు. కొందరికి జవాబు అక్కడ దొరికేది. దొరకనివాళ్ళు కాళ్ళనొప్పులని గొణుక్కుంటూ తిరిగొచ్చేవారు. వైశాఖ మాసంలో మాత్రం శిష్యులందరికీ సందేహాలు వాటంతటవే తీరిపోయేవి.

అలాంటి వైశాఖంలో వేదాద్రి అనే శిష్యుడు వచ్చి అడిగాడు. దివిసీమలో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులు అతను. తొలిచూలు కొడుకు పుట్టాడు, బారసాల కూడా అయిపోయింది. భార్య ఇందుమతి పురుటికి వెళ్ళి ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆ పుట్టింటి ఊరు గురువుగారి ఇంటికి దగ్గరే, కాలవ దాటితే అవతలి గట్టున.

"ప్రేమకు ఏ లోటూ లేనిచోట కూడా మనిషి ఎందుకు ఏడుస్తాడండీ?" అన్నాడు వేదాద్రి.

ప్రశ్న పుస్తకంలోంచి తీసినట్టు నున్నగా ఉంది. గురువుగారికి అలాంటివి నచ్చవు.

"ఎవరు ఏడుస్తున్నారు?" అని అడిగారు.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఇందుమతి పొద్దస్తమానం ఏడుస్తోంది. వాళ్ళమ్మ నాంచారమ్మ ఆమెను కాలు కింద పెట్టనివ్వడం లేదు. వేళకు పథ్యం పెడుతోంది, ఒళ్ళు పట్టి స్నానం చేయిస్తోంది, సాంబ్రాణి పొగ వేస్తోంది, చెవుల్లో దూది కూడా తనే మారుస్తోంది. అయినా పిల్ల చిక్కి సగమైంది. పాలు చాలక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పోతపాలు పడితే కక్కేస్తున్నాడు. వేదాద్రి రోజూ ఎండలో నడిచి వెళ్ళి, గది గుమ్మంలో కూర్చుని, అత్తగారిచ్చిన చెంబెడు మంచినీళ్ళు తాగి, "ఎలా ఉన్నావు?" అని అడుగుతాడు. ఇందుమతి గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

"నేనేం తప్పు చేశానో తెలియడం లేదండీ," అన్నాడు. "మీరొచ్చి మనసు కుదుటపడే మాటలు నాలుగు చెప్పండి. మీరు చెబితే వింటుంది."

"చెప్పులు వేసుకో," అన్నారు గురువుగారు.

నాంచారమ్మను గయ్యాళిగా ఊహించుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆ ఊహ మానుకోవాలి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతుర్ని కంటికి రెప్పలా పెంచుకున్న మనిషి ఆమె. ఆ పిల్ల కోసం ప్రాణం పెడుతుంది. పురుడు వచ్చిన నాటినుంచి కంటినిండా నిద్రపోలేదు. గురువుగారు వస్తున్నారని చూసి ఎదురొచ్చింది, వసారాలో కుర్చీ వేసింది, మనవణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. వాడు అప్పుడే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోతున్నాడు. గురువుగారు వాడి తల నిమిరి, మెల్లగా తిరిగి ఇచ్చారు. వేదాద్రి కొడుకుని ఎత్తుకుని గోడవారన నిలబడ్డాడు.

నాంచారమ్మ మూలనున్న కొత్తకుండలోంచి నీళ్ళు ముంచింది. వట్టివేళ్ళు వేసిన నీళ్ళు, వాసన వసారా అంతా వచ్చింది. గ్లాసు కుండ అంచుకు తగిలి చప్పుడైంది. ఆ చప్పుడుకి పక్కనే ఉన్న బాలింత గదిలో నులకమంచం కిర్రుమంది.

తలుపు ఓరగా తీసి ఉంది. ఇందుమతి మోచేతి మీద లేచి ఇటే చూస్తోంది. గురువుగారు వచ్చారని చూడటం కాదది. భర్త వైపు గానీ, అతని చేతుల్లో ఉన్న బిడ్డ వైపు గానీ ఆమె చూడలేదు. కుండ దగ్గర్నుంచి గురువుగారి చేతిదాకా ఆమె కళ్ళు గ్లాసు వెంటే వచ్చాయి.

గురువుగారు గ్లాసును నోటిదాకా తీసుకెళ్ళి దించేశారు.

"అమ్మాయి నీళ్ళు తాగి ఎంతసేపయిందమ్మా?"

నాంచారమ్మ తడుముకోలేదు. "బాలింతకి నీళ్ళు పడవు కదండీ. కాచి చల్లార్చి పొద్దున గిద్దెడు, రాత్రి గిద్దెడు ఇస్తన్నా. అంతకు మించితే పొట్ట జారిపోద్ది, పిల్లాడికి రొంప చేస్తది. ఆస్పత్రిలో నర్సమ్మ తాగినన్ని ఇమ్మంది. ఆవిడకేం, చెప్పి పోద్ది. రేపు దీనికి ఏదన్నా అయితే చూసుకోవాల్సింది నేను గదా. మా అత్తగారు నాకూ ఇట్టాగే చేశారు. నేను దుక్కలా లేనూ?"

"ఉన్నారమ్మా," అన్నారు గురువుగారు. "మరి అప్పుడు మీకు దాహం వేసేది కాదా?"

నాంచారమ్మ కుండ మీద మూత సరిచేసింది. అది సరిగ్గానే ఉంది. ఆపైన, ఎవరితోనూ కాదు, ఆ కుండతోనే చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"వెయ్యకేమండీ. నోరు పిడచగట్టుకుపోయేది. మొహం తుడుచుకోడానికని తడిగుడ్డ ఇచ్చేవాళ్ళు. ఎవరూ లేనప్పుడు దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చేదాన్ని. మా అత్తగారు కనిపెడతారేమోనని మళ్ళీ దండెం మీద ఆరేసేదాన్ని." చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నేనూ అదే చేస్తన్నానమ్మా," అంది ఇందుమతి గదిలోంచి.

ఆ మాటలో కోపం లేదు. ఎండిపోయిన గొంతుతో, ఉన్న సంగతి చెప్పింది. వేదాద్రి గదిలోకి చూశాడు. మంచం పక్కన దండెం మీద తెల్లటి గుడ్డ ఒకటి వేలాడుతోంది, ఒక కొస మెలిపడి, ముడతలు పడి ఉంది. ఆ గుడ్డను అతను వచ్చిన ప్రతిసారీ చూశాడు.

గురువుగారు గ్లాసు పట్టుకున్న చెయ్యి చాచారు. నాంచారమ్మ అందుకుంది. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది, కూతురి తలను గుండెకు ఆనించుకుంది, గ్లాసు నోటికి అందించింది.

"మెల్లిగా తల్లీ, పొలమారుద్ది," అంది. గ్లాసు ఖాళీ అయింది. నాంచారమ్మ ఇవతలికి వచ్చి, ఎవరి వంకా చూడకుండా, కుండనే రెండు చేతులా ఎత్తుకుని గదిలోకి తీసుకుపోయింది. ఆమె చీర ముందుభాగమంతా తడిసిపోయింది. నాకు ఈ కథ చెప్పినవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగేవారు. ఇప్పుడు చెబుతుంటే నాకూ ఆగాలనే ఉంది.

గురువుగారు మనసు గురించి ఒక్క మాటా చెప్పకుండానే లేచారు. అంత ఎండలో వచ్చిన మనిషికి మళ్ళీ నీళ్ళివ్వాలన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఆయనా గుర్తుచేయలేదు. వేదాద్రి బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, ఆయన్ని దిగబెట్టడానికి వెంట నడిచాడు. ఇద్దరూ కాలవ వంతెన దాకా వచ్చారు.

"రోజూ ఆమె ఎదురుగానే తాగానండీ," అన్నాడు చివరికి. ఇంకాస్త నడిచాక మళ్ళీ అన్నాడు. "మా అత్తగారిది వెన్నలాంటి మనసు. తను అంత దాహానికి అల్లాడిన మనిషి, అదంతా ఎలా మరిచిపోయారండీ?"

"మరిచిపోలేదు నాయనా. ఎవరూ అడగలేదు."

నాలుగడుగులు వేసి, శిష్యుడు ఇంకా వెనకాలే వస్తున్నాడని గమనించి గురువుగారు ఆగారు.

"ఇంటికి దారి నాకు తెలుసులే," అన్నారు. "నువ్వు వెనక్కి వెళ్ళు."